దూరపు ప్రతుల సంగ్రహణము: డబ్ల్యుగెట్ అను సాధనమును గూర్చి

తెలుగు గ్రంథములను పరిష్కరించువారు తాము గైకొన్న ప్రతులను వర్ణించుట మన విద్యలో స్థిరపడిన సంప్రదాయము. ప్రతి యెచ్చట నున్నది, పత్రములెన్ని, పుటకు పంక్తులెన్ని, లేఖకుడెవడు, ఆద్యంతములు లుప్తములా యను విషయములు పీఠికలో తప్పక కానవచ్చును. కాని నేటి పరిశోధకుని బల్లమీదనున్న మూలము తఱచుగా తాళపత్రము కాదు, కాగితపు పుస్తకమును కాదు. దూరముననున్న మఱియొక కంప్యూటరునుండి తెచ్చికొన్న ఫైలు. దానిని గూర్చి సిద్ధాంతగ్రంథములందు “అంతర్జాలమునుండి గ్రహింపబడినది” అను నొక్క వాక్యముతో సరిపుచ్చుట సామాన్యమైపోయినది. ఏ చిరునామానుండి, ఏ దినమున, ఎంత పరిమాణము గల ఫైలు వచ్చినది, పూర్తిగా వచ్చినదా లేదా అను ప్రశ్నలకు అందు సమాధానముండదు. దిగుమతియైన ఫైలును ఒక మాతృకనుండి తీసిన నకలుగా భావించి, నకలునకు వర్తించు నియమములన్నియు దానికిని వర్తింపజేయవలెనని నా యభిప్రాయము. అట్టి నకలు తీయుటకు అనువైన డబ్ల్యుగెట్ అను కమాండ్ లైను సాధనము పనిచేయు విధమును, అది తెచ్చిపెట్టు చిక్కులను ఈ వ్యాసమున వివరింతును.

ఇది యంత్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన విషయము కాదనుటకు మనకు సన్నిహితమైన యుదాహరణమొకటి కలదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను యోజన ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థ, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము మొదలగువాని సహకారమున నడచినది. దాని వెనుక నున్నవారిలో ముఖ్యులు చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమును పొందిన రాజ్ రెడ్డిగారు. ఆ యోజనలో భాగముగా వేలకొలది తెలుగు పుస్తకములు చిత్రరూపమును దాల్చినవి. అందు పుస్తకము ఏకఖండముగా నుండెడిది కాదు. ఒక్కొక్క పుట ఒక్కొక్క టిఫ్ ఫైలు. దాని పేరు ఎనిమిది అంకెల సంఖ్య. మొదటి పుట పేరు ఏడు సున్నలు, ఒకటి. పుస్తకమునకు గుర్తు ఒక బార్‌కోడు సంఖ్య. 400 పుటల గ్రంథము కావలెనన్నచో 400 ఫైలులను తెచ్చికొనవలసియుండెను.

2010వ దశకము ద్వితీయార్ధమున ఆ చోటునుండి గ్రంథములు లభించుట ఆగిపోయినది. దానిని సూచించిన అధస్సూచికలన్నియు నిరర్థకములయ్యెను. ఐతే అందలి పుస్తకములు పెక్కు, అమెరికాలో బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థ భాండారమున చేర్పబడినవి. వాని గుర్తింపు పేర్లలో డి.ఎల్.ఐ. అను అక్షరములు, 2015 అను సంఖ్య నేటికిని కానవచ్చును. పూర్వపు బార్‌కోడు కూడ వివరములలో నమోదైయున్నది. కావున తన సిద్ధాంతగ్రంథమున బార్‌కోడును వ్రాసికొన్న పరిశోధకునకు తాను చూచిన ప్రతి మరల దొరకినది. చిరునామాను మాత్రమే వ్రాసినవానికి పేరునుబట్టి వెదకవలసివచ్చినది. అచటి తెలుగు పేర్లు రోమను లిపిలో ఎట్లుపడిన నట్లు వ్రాయబడియుండుటచే ఆ వెదకుట సులభమైన పని కాదు. ఇంటర్నెట్ ఆర్కైవునకును నిలుకడ విషయమున అభయము లేదు. 2024 అక్టోబరున దానిపై జరిగిన దాడివలన అది కొన్ని దినములు మూతపడినది. మూలము మనది కానపుడు నకలు మన యొద్ద నుండుట అవసరము.

దూరపు కంప్యూటరునుండి ఫైలును తెచ్చికొను పద్ధతి వెబ్బుకంటె ప్రాచీనమైనది. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, పిదప అమెరికాలోని ఎం.ఐ.టి.కి పోయిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో ఫైలు బదిలీ నియమావళిని, అనగా ఎఫ్.టి.పి.ని, మొదట ప్రకటించినవాడు. వెబ్బు వ్యాపించిన తరువాత క్రొయేషియా దేశీయుడగు హ్ర్వోయె నిక్షిచ్ 1996లో డబ్ల్యుగెట్టును విడుదల చేసెను. పేరులోని డబ్ల్యు వరల్డ్ వైడ్ వెబ్బును, గెట్ అనునది తెచ్చుటను సూచించును. స్వీడను దేశీయుడగు డానియెల్ స్టెన్‌బర్గ్ 1998లో కర్ల్ అను పేరుతో వెలువరించినది దీనికి సోదరస్థానీయము. రెండును ఉచితముగా లభించునవే. లినక్సు యంత్రములందు డబ్ల్యుగెట్ సాధారణముగా నుండును, లేనిచో సులభముగా చేర్చుకొనవచ్చును. ఆపిల్ యంత్రములందు కర్ల్ ముందుగనే యుండును. విండోస్ 10లో 2018 నుండి కర్ల్ చేర్పబడినది. కాని అచటి పవర్‌షెల్ 5.1లో కర్ల్, డబ్ల్యుగెట్ అను రెండు పేర్లును వేఱొక ఆజ్ఞకు మారుపేర్లుగా నుంచబడినవి. అందు కర్ల్ అని టైపు చేసినచో పలుకునది కర్ల్ కాదు. పేరుచివర చుక్క పెట్టి ఇ, ఎక్స్, ఇ అను అక్షరములను చేర్చినపుడే నిజమైనది పలుకును.

కమాండ్ లైను అనగా, మీటలను నొక్కుటకు బదులు, చేయవలసిన పనిని ఒక పంక్తిగా టైపు చేసి యంత్రమునకు తెలుపు పద్ధతి. ఆ పంక్తి మూడు భాగములుగా నుండును: ప్రోగ్రాము పేరు, వికల్పములు, చిరునామా. భాగమునకు భాగమునకు నడుమ ఖాళీ విడువవలెను. వికల్పము పూర్తిపదమైనచో దాని ముందు రెండు అడ్డగీతలు, ఏకాక్షరమైనచో ఒక అడ్డగీత యుండును. ఇవన్నియు రోమను లిపిలో టైపు చేయవలసినవి. ఈ వ్యాసమున వాని ఉచ్చారణమును మాత్రము తెలుగు లిపిలో చూపుచున్నాను. వికల్పమేదియు లేకుండ డబ్ల్యుగెట్ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఫైలు చిరునామాను వ్రాసి ఎంటరు మీటను నొక్కినచో, ఆ ఫైలు మనమున్న ఫోల్డరులోనికి వచ్చి చేరును.

బ్రౌజరులో ఒక నొక్కుతో అగుదానికి ఇంత శ్రమ యేల యని విద్యార్థు లడుగుదురు. ఒకే ఫైలు కావలసినపుడు వారి ప్రశ్న న్యాయమైనదే, బ్రౌజరు చాలును. కాని బ్రౌజరులోని నొక్కు జాడ విడువదు. కమాండ్ లైనున టైపు చేసిన పంక్తి యట్లు కాదు. దానిని దాచుకొనవచ్చును, పర్యవేక్షకునకు చూపవచ్చును, ఆఱు మాసముల తరువాత అక్షరము మారకుండ మరల నడపవచ్చును. మన పనికి వేగముకంటె ఈ గుణము ముఖ్యమని నేను తలచుచున్నాను.

పెద్ద ఫైలులతో వచ్చు మొదటి చిక్కు మధ్యలో తెగిపోవుట. 300 మెగాబైట్ల నిఘంటువును తెచ్చుచుండగా విద్యుత్తు పోయినచో, మరల మొదటినుండి తేనక్కఱలేదు. కంటిన్యూ అను వికల్పమును, లేదా సి అను చిన్న అక్షరమును చేర్చినచో, డబ్ల్యుగెట్ మన యొద్దనున్న తునక ఎన్ని బైట్లో లెక్కించి, “ఇన్నవ బైటునుండి పంపుము” అని సర్వరును కోరును. సర్వరు ఆ విధమున పంపగలదైనచో 206 అను సంకేతముతో, అనగా ఇది పాక్షికము అను సూచనతో, మిగిలిన భాగమును పంపును. డబ్ల్యుగెట్ దానిని పాత తునక చివర అతికించును.

ఇచ్చటనే పాఠపరిశోధకుడు జాగరూకుడై యుండవలెను. మన యొద్దనున్న తునక సర్వరులోని ఫైలునకు మొదటి భాగమేయని డబ్ల్యుగెట్ ఊహించుకొనును. అక్షరముల సరిచూచి నిర్ణయింపదు. తొలిదినమున సగము వచ్చిన తరువాత సర్వరులో ఆ ఫైలు మారినదనుకొందము. రెండవ దినమున తెచ్చిన ఉత్తరార్ధము క్రొత్త ఫైలునకు సంబంధించినది. రెండును అతుకుకొని, ఎక్కడను లేని ఒక మూడవ ఫైలు పుట్టును. వ్రాతప్రతులను చూచినవారికి ఇది పరిచితమైన దోషమే. లేఖకుడు పూర్వభాగమును ఒక మాతృకనుండియు, అది దొరకనపుడు శేషమును మఱియొక శాఖకు చెందిన మాతృకనుండియు ఎత్తివ్రాసి, ఆ సంగతిని ఎచ్చటను చెప్పని ప్రతి యెంత ప్రమాదకరమో వారెఱుగుదురు. ఫైలు విషయమున ఒక మేలు కలదు: అట్టి మిశ్రప్రతి తఱచుగా తెఱచుకొనదు, లేక నడుమనుండి పుటలు చెదరియుండును. సాదా పాఠ్యఫైలైనచో మాత్రము చక్కగా తెఱచుకొని, అతుకు కనబడకుండ నుండును. అదియే భయంకరము.

ఇంటర్నెట్ ఆర్కైవున ఈ ప్రమాదము కల్పితము కాదు. అందు ప్రతి గ్రంథమునకు చేరియున్న ఫైలుల పట్టికలో కొన్ని మూలములనియు, కొన్ని వానినుండి పుట్టింపబడినవనియు గుర్తులుండును. పుట్టింపబడినవి అవసరమునుబట్టి మరల పుట్టింపబడవచ్చును. పేరు అదే, చిరునామా అదే. లోపలి బైట్లు వేఱు. కావున తేదలచినపుడు పట్టికను చూచి, మూలమని గుర్తుగల ఫైలును తెచ్చుట మేలు. తెగిపోయిన దిగుమతిని ఆ దినముననే పూర్తిచేయవలెను. చాలదినములు గడచినచో పాత తునకను తీసివేసి మొదటినుండి తెచ్చుటయే క్షేమము.

అనేక ఫైలులు కావలసినపుడు చిరునామాలను పంక్తికొకటి చొప్పున ఒక సాదా పాఠ్యఫైలులో వ్రాసి, ఇన్‌పుట్ ఫైల్ అను వికల్పముతో దాని పేరును ఇచ్చినచో, డబ్ల్యుగెట్ పై నుండి క్రిందికి ఒక్కొక్కటిగా తెచ్చును. ఈ పట్టిక తానే ఒక పరిశోధనపత్రము. ఎవరు ఏయే ప్రతులను సేకరింపదలచిరో అందు తెలియును. పుటలు వరుససంఖ్యలతో నున్నచో కర్ల్ మఱింత సౌకర్యము కలిగించును. చిరునామాలో సంఖ్య యుండవలసిన చోట చదరపు కుండలీకరణముల నడుమ మొదటి సంఖ్యను, అడ్డగీతను, తుదిసంఖ్యను వ్రాసినచో నడిమివన్నియు తానే కల్పించుకొనును; ముందరి సున్నలను కూడ నిలుపుకొనును. పైని చెప్పిన ఎనిమిది అంకెల పేర్లకు ఇది సరిగా నమరును.

ఇట్టి పేర్లతో వచ్చు మఱియొక చిక్కును ఎఱిగియుండవలెను. ప్రతి గ్రంథమునందును మొదటి పుట పేరు అదే కదా. రెండు గ్రంథముల పుటలను ఒకే ఫోల్డరులోనికి తెచ్చినచో, డబ్ల్యుగెట్ పాతదానిని చెఱపదు. క్రొత్తదాని పేరు చివర చుక్కయు, ఒకటియు చేర్చి నిలుపును. పేర్లక్రమమున చూచువానికి ఒక గ్రంథపు మొదటి పుట, మఱియొక గ్రంథపు మొదటి పుట, తరువాత రెండవ పుటలు రెండు, ఈ రీతిగా కలగలుపైపోవును. కట్టు తెగిన రెండు తాళపత్రగ్రంథముల ఆకులు ఒకే పెట్టెలో పడినట్లు. డైరెక్టరీ ప్రిఫిక్స్ అను వికల్పముతో గ్రంథమునకొక ఫోల్డరును నిర్దేశించినచో ఈ బాధ యుండదు.

చిరునామా తప్పైనపుడు జరుగునదియు రెండు సాధనములందు ఒకేవిధముగా నుండదు. సర్వరు 404 అని, అనగా అట్టిది లేదని, తెలిపినపుడు డబ్ల్యుగెట్ ఏమియు నిలుపదు. కర్ల్ మాత్రము ఫెయిల్ అను వికల్పము నియ్యనిచో, సర్వరు పంపిన క్షమాపణపు పుటనే మనము కోరిన పేరుతో దాచియుంచును. పుట సంఖ్య కలదు, ఫైలు కలదు, లోపల గ్రంథము లేదు. పరిమాణముల వరుసను ఒకమారు చూచినచో, ఇతరపుటలకంటె మిక్కిలి చిన్నదిగా నుండి అది పట్టుబడును.

సర్వరు పరులసొత్తు. వేల ఫైలులను వెంటవెంటనే కోరినచో దానికి భారమగును, ఇతర పాఠకులకు అడ్డగును. కొన్ని సర్వరులు మన చిరునామానే నిషేధించును, విశ్వవిద్యాలయమునందు అందఱకు ఒకే చిరునామా యుండుటచే ఒక విద్యార్థి తొందరకు విభాగమంతయు దండన పొందును. వెయిట్ అను వికల్పము ఫైలునకు ఫైలునకు నడుమ ఇన్ని క్షణములు ఆగుమని చెప్పును. లిమిట్ రేట్ అనునది వేగమునకు హద్దును విధించును. రికర్సివ్ అను వికల్పము ఒక పుటలోని లంకెలను పట్టుకొని వాని లోపలి లంకెలకును పోవును. అది రోబోట్స్ అను పేరుగల ఫైలులో సర్వరు యజమాని వ్రాసియుంచిన నిషేధములను స్వయముగా పాటించును. దానితో నో పేరెంట్ అను వికల్పమును చేర్పకున్నచో పై ఫోల్డరులలోనికి ప్రాకి, అడుగనివెన్నియో తెచ్చిపెట్టును. ఆ వికల్పమును మనవంటివారు మిక్కిలి అరుదుగా వాడుట మంచిది. పట్టికను చేతితో వ్రాసికొన్న పరిశోధకుడు తనకేమి కావలెనో ఎఱిగియుండును. గ్రంథస్వామ్యము మఱియొక విషయము: మన దేశమున కర్త మరణించిన సంవత్సరమునకు తరువాతి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములవఱకు హక్కు నిలిచియుండును. ఫైలు చేతికందినంత మాత్రమున దానిని పంచుకొను హక్కు రాదు.

ఫైలు పూర్తిగా వచ్చినదా లేదా యని తెలిసికొనుట యెట్లు? మన పూర్వులు ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనిరి. 32 అక్షరములను ఒక గ్రంథమని లెక్కించి, కృతి మొత్తము ఇన్ని గ్రంథములని ప్రతి చివర వ్రాసెడివారు. లేఖకునకు ప్రతిఫలము నిర్ణయించుటకును, నకలు పూర్తియైనదని తెలిసికొనుటకును అది పనికివచ్చెడిది. ఫైలు పరిమాణము, అనగా బైట్ల మొత్తము, అట్టి గ్రంథసంఖ్యయే. కాని గ్రంథసంఖ్య సరిపోయినను నడుమ ఒక పద్యము మారియుండవచ్చును గదా. ఆ లోటును తీర్చుటకు చెక్‌సమ్ అను గణనము కలదు. ఫైలులోని బైట్లన్నింటిని ఒక నియమము ప్రకారము గుణించి చివరకు ఒక చిన్న సంకేతమును తేల్చుదురు. ఒక్క బైటు మారినను సంకేతము గుర్తుపట్టలేనంతగా మారిపోవును. ఎం.డి.5 అను పద్ధతియందు ఆ సంకేతము 32 చిహ్నములుగా నుండును. మన గ్రంథమునకును 32 అక్షరములే యగుట కాకతాళీయము. షా-256 అను దానియందు 64 చిహ్నములుండును. ఎం.డి.5 విషయమున రెండు భిన్నమైన ఫైలులకు ఒకే సంకేతము వచ్చునట్లు బుద్ధిపూర్వకముగా చేయవచ్చునని 2004లో నిరూపితమైనది. కావున మోసమును కనిపెట్టుటకు అది చాలదు. దారిలో కలిగిన చెడుపును కనిపెట్టుటకు చాలును. ఇంటర్నెట్ ఆర్కైవ్ ప్రతి ఫైలునకు పరిమాణమును, ఎం.డి.5 సంకేతమును ప్రకటించుచున్నది. మన యంత్రమున లెక్కించి దానితో సరిపోల్చుట ఒక నిమిషపు పని.

ఐనను చెక్‌సమ్ ఏమి చెప్పునో, ఏమి చెప్పదో స్పష్టముగా ఎఱుగవలెను. మన నకలు వారి ఫైలునకు అచ్చముగా సమానమని మాత్రమే అది చెప్పును. వారి ఫైలు ముద్రితగ్రంథమునకు సమానమని చెప్పదు. చిత్రములను తీసినవాడు రెండు పుటలను ఒకమారుగా త్రిప్పివేసియుండవచ్చును. పుస్తకముననే ఒక ఫారము లోపించియుండవచ్చును. రెండవ సంపుటమునకు మొదటిదాని పేరు తగిలింపబడియుండవచ్చును. డిజిటల్ లైబ్రరీ పుస్తకములతో పనిచేసినవారికి ఇవి క్రొత్తవి కావు. కావున పుటసంఖ్యలను కంటితో చూచి లెక్కించు పాతపని యంత్రమువలన తప్పదు. చెక్‌సమ్ సరిపోయినదని తృప్తిపడి పుటలను లెక్కింపకుండుట, లేఖకుని గద్యను చదివి ఆకులను చూడకుండుటవంటిది.

మఱియొక సూక్ష్మము కలదు. తెచ్చిన ఫైలునకు డబ్ల్యుగెట్ వేయు తేదీ మనము తెచ్చిన తేదీ కాదు. సర్వరు తెలిపినచో, అచట ఆ ఫైలు చివరిసారి మారిన తేదీ. ఫోల్డరులో కానవచ్చు తేదీని చూచి “ఈ దినమున గ్రహింపబడినది” అని వ్రాసినచో, కొన్ని సంవత్సరములు ముందునకు జరిగిపోవచ్చును. వేఱొకవిధమున ఇది లాభమే, మాతృక కాలము మనకు తెలియుచున్నది. మనము తెచ్చిన తేదీకి అపెండ్ అవుట్‌పుట్ అను వికల్పమును వాడవలెను. దానితో ఒక ఫైలు పేరు నిచ్చినచో, డబ్ల్యుగెట్ తాను చేసిన ప్రతి పనిని, తేదీ, సమయము, చిరునామా, సర్వరు ఇచ్చిన సంకేతము, పరిమాణము, నిలిపిన పేరు మున్నగువానితో ఆ ఫైలు చివర వ్రాసికొనుచు పోవును. మనకు లేఖకుని గద్య ఇదియే.

ఇక తెలుగు పేర్లు గల ఫైలులు. ఇందు కలుగు చిక్కు మన లిపికి సంబంధించినది గనుక కొంత విపులముగా చెప్పెదను. యూనికోడ్ పద్ధతియందు ప్రతి తెలుగు వర్ణమునకు ఒక సంఖ్య కలదు. గుణింతపు గుర్తులకు, పొల్లునకు వేఱువేఱు సంఖ్యలు. ఫైలులలోను, చిరునామాలలోను అట్టి ప్రతి సంకేతము మూడు బైట్లుగా వ్రాయబడును. తెలుగు అను మాటలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అను ఆఱు సంకేతములు, అనగా 18 బైట్లు కలవు. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతోను రెండు అంకెలతోను వ్రాయుదురు గనుక, మూడక్షరముల ఆ మాట 54 చిహ్నములై మనలను భయపెట్టును.

డబ్ల్యుగెట్ ఆ చిహ్నములను మరల బైట్లుగా మార్చి పేరును నిలుపబోవునపుడు, 128 నుండి 159 వఱకు గల బైట్లను అదృశ్యమగు నియంత్రణ చిహ్నములని యెంచి, వానిని మాత్రము శాతపు గుర్తుతోనే విడుచును. పాశ్చాత్యలిపుల పాత సంకేతపద్ధతికి అది సరియైన జాగ్రత్తయే. తెలుగునకు అది పిడుగుపాటు. త అను వర్ణపు బైట్లు 224, 176, 164. ఇందు నిషిద్ధమైనది లేదు. గ అను వర్ణపు బైట్లు 224, 176, 151, మూడవది నిషిద్ధము. దాని స్థానమున శాతపు గుర్తు, 97 అను అంకెలు చేరును. తక్కిన రెండు బైట్లు తోడు లేక అర్థరహితములగును.

ఈ నియమమును మన వర్ణమాలపై పఱచి చూచినచో విచిత్రమైన విభాగమొకటి తేలును. సున్న, విసర్గ, అకారాది ఔకారాంతముగా అచ్చులు, క మొదలు ట వఱకు గల హల్లులు చెడును. ఠ మొదలు హ వఱకు గల హల్లులు, ఱ, ళ లతో సహా, నిలుచును. గుణింతమున దీర్ఘము, గుడి నిలుచును. గుడిదీర్ఘము మొదలుకొని ఔత్వము వఱకు, పొల్లుతో కూడ, చెడును. భారత అను పేరు గల ఫైలు చెక్కుచెదరక చేరును. భాగవత అను పేరు గలది గకారమువద్ద విఱిగిపోవును. ఏ వ్యాకరణమునందును లేని ఈ వర్గీకరణమునకు కారణము, మూడవ బైటు 160కి పైనున్నదా, క్రిందనున్నదా యను నొక్కటే. విఱిగిన పేర్లను చూచి ఫైలే చెడినదని తలచి తీసివేయువారు కలరు. లోపలి గ్రంథమునకు ఏ హానియు కలుగలేదు. రిస్ట్రిక్ట్ ఫైల్ నేమ్స్ అను వికల్పమునకు, సమానపు గుర్తు పెట్టి, నోకంట్రోల్ అను విలువ నిచ్చినచో పేర్లు సరిగా వచ్చును. తెలుగు వికీసోర్సువంటి చోట్లనుండి తెచ్చువారు దీనిని ప్రతి ఆజ్ఞలోను చేర్చుట అవసరము. లినక్సులో ఫైలు పేరు సాధారణముగా 255 బైట్లకు మించరాదు. తెలుగున అది 85 సంకేతములు. పూర్వకవుల గద్యలవంటి దీర్ఘనామములు అందు పట్టవు.

తెచ్చి, సరిచూచిన ఫైలులను రెండు చోట్ల నుంచుట ఉచితము. విభాగపు కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు నకలు చేయుటకు డబ్ల్యుగెట్ తగినది కాదు, ఆర్‌సింక్ తగినది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ అనువారు 1996లో దానిని వెలువరించిరి. ఇరువైపుల నున్న ఫైలులను ముక్కలుగా పోల్చి, భేదమున్న భాగములనే పంపుట దాని విశేషము. ఐతే ఏ ఫైలును పోల్చవలెనో నిర్ణయించుటకు అది ముందుగా పరిమాణమును, తేదీని మాత్రమే చూచును. రెండును సరిపోయినచో లోపల చూడదు. సంవత్సరమున కొకమారైనను చెక్‌సమ్ అను వికల్పముతో నడిపినచో లోపలి బైట్లను కూడ సరిచూచును. దానియందు ఫోల్డరు పేరు చివర వాలుగీత యున్నచో ఫోల్డరులోని ఫైలులు మాత్రమే పోవును, లేనిచో ఫోల్డరే పోవును. డిలీట్ అను వికల్పము మూలమున లేని ఫైలులను గమ్యమునందును తుడిచివేయును. పొరబాటున ఖాళీ ఫోల్డరును మూలముగా చూపి ఆ వికల్పము నిచ్చినచో రెండవ చోటను ఏమియు మిగులదు. డ్రై రన్ అను వికల్పమును, వెర్బోస్ అను వికల్పమును చేర్చి ముందుగా నడిపినచో, ఏయే ఫైలులు తుడిచిపెట్టుకొనిపోవునో పట్టిక మాత్రము చూపి, దేనిని ముట్టక యూరకుండును. ఆ పట్టికను చదివిన తరువాతనే అసలు ఆజ్ఞను నడపవలెను.